ఏనుగుకు ఎంత విలువ? ప్రాచీన యుద్ధ క్రీడలో నియమావళి ఎంపిక

న్యూఢిల్లీ: ఒక బల్ల, రెండు సేనలు, కొన్ని పాచికలు, ఒక పుస్తకం. ప్రాచీన యుద్ధాలను చిన్న చిన్న బొమ్మలతో తిరిగి ఆడే వార్‌గేమింగ్‌కు కావలసిన సామగ్రి ఇంతే. వీటిలో బొమ్మలు కంటికి ఇంపుగా ఉంటాయి గానీ, ఆట గతిని నిర్ణయించేది పుస్తకమే. ఏ దళం ఎంత దూరం కదలాలి, ఎవరిపై ఎవరిది పైచేయి, సేనాపతి ఆజ్ఞ ఎంతవరకు చెల్లుతుంది అనేవన్నీ అందులోని నియమావళి చెబుతుంది. కాబట్టి ఒక నియమావళిని ఎంచుకోవడమంటే, ఆ కాలంలో యుద్ధాలు ఎలా గెలిచేవారన్న విషయంలో ఒక వాదాన్ని అంగీకరించడమే.

దేశ రాజధానిలో ఈ అంశానికి ఇటీవలి కాలంలో ప్రాధాన్యం పెరిగింది. సైనిక శిక్షణ కోసం ఢిల్లీలో వార్‌గేమింగ్ కేంద్రం నెలకొల్పేందుకు 2022 మే నెలలో భారత సైన్యం, రాష్ట్రీయ రక్షా విశ్వవిద్యాలయం ఒప్పందం చేసుకున్నాయి. 2023 అక్టోబరులో ఢిల్లీలోని మానెక్‌షా కేంద్రంలో జరిగిన సైనిక వారసత్వ ఉత్సవంలో ‘ప్రాజెక్ట్ ఉద్భవ్’ ప్రారంభమైంది. సైన్యం, యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్ కలిసి చేపట్టిన ఈ అధ్యయనం అర్థశాస్త్రం, కామందకుని నీతిసారం, తిరుక్కురళ్ వంటి గ్రంథాలలోని యుద్ధనీతిని పరిశీలిస్తుంది. ఆధునిక సైనిక శిక్షణ వేరు, ఇంట్లో బల్లపై ఆడే ఆట వేరు. అయినా పాత యుద్ధాన్ని అర్థం చేసుకోవడం ఎలా అన్న ప్రశ్న రెండింటికీ సమానమే.

చదరంగం నుంచి పాచికల దాకా

ఈ క్రీడ మూలాలు భారతదేశంలోనే ఉన్నాయి. రథ, గజ, తురగ, పదాతి దళాలతో కూడిన చతురంగ బలం పేరే చదరంగానికి వచ్చింది. 7వ శతాబ్దంలో బాణభట్టు రచించిన హర్షచరిత్రలో ఈ ఆట ప్రస్తావన కనిపిస్తుంది. ఆట పర్షియా, అరబ్ దేశాల మీదుగా ఐరోపాకు చేరింది. 1780లో జర్మనీకి చెందిన హెల్విగ్ చదరంగపు గళ్లకు కొండలు, నదులు జోడించి యుద్ధ క్రీడను రూపొందించాడు. 1824లో రైస్విట్జ్ అనే ప్రష్యా సైనికాధికారి గళ్లను తొలగించి పటం, పాచికలు, మధ్యవర్తి ఉండే పద్ధతిని ప్రచురించగా, ప్రష్యా సైన్యం దానిని శిక్షణకు వినియోగించుకుంది.

చదరంగంలో బంటు మంత్రిని పట్టితే అనుమానానికి తావు లేదు. రైస్విట్జ్ పాచికను తెచ్చి, బలవంతుడు కూడా ఓడిపోవచ్చన్న సత్యాన్ని ఆటలో చేర్చాడు. ప్రాచీన యుద్ధాలకు సంబంధించి 1965లో బ్రిటన్‌లో ‘సొసైటీ ఆఫ్ ఏన్షియంట్స్’ ఏర్పడింది. 1969లో వార్‌గేమ్స్ రీసెర్చ్ గ్రూప్ తన తొలి నియమావళిని వెలువరించింది. నేడు వాడుకలో ఉన్న పుస్తకాలలో అనేకం వాటికి వారసులు, లేదా వాటిపై తిరుగుబాటు చేసినవి.

జీలం తీరంలో పరీక్ష

నియమావళిని పరీక్షించడానికి భారతీయ పాఠకునికి సహజమైన గీటురాయి క్రీ.పూ. 326 నాటి జీలం యుద్ధం. గ్రీకులు హైడాస్పస్ అని పిలిచిన ఆ నది ఒడ్డున అలెగ్జాండర్‌ను ఎదుర్కొన్నది పోరస్. తెలుగు పాఠ్యపుస్తకాలలో ఆయన పురుషోత్తముడు.

తొలి చిక్కు సంఖ్యలతోనే మొదలవుతుంది. పోరస్ వద్ద 30,000 పదాతి, 4,000 గుర్రాలు, 300 రథాలు, 200 ఏనుగులు ఉన్నాయని ఏరియన్ రాశాడు. డయొడోరస్ లెక్కలో 50,000 పదాతి, వెయ్యికి పైగా రథాలు, 130 ఏనుగులు. కర్టియస్ ఏనుగులను 85కు తగ్గించాడు. ఏరియన్ రచన యుద్ధం జరిగిన సుమారు నాలుగున్నర శతాబ్దాల తర్వాతిది. పోరస్ పక్షాన రాసిన వృత్తాంతం ఒక్కటీ లభించలేదు.

రెండో చిక్కు స్థలానిది. ఏనుగుకు ఏనుగుకు మధ్య కనీసం 100 అడుగుల ఎడం ఉందని ఏరియన్ చెబుతాడు. 200 ఏనుగులంటే దాదాపు 6 కిలోమీటర్ల వరుస. దానిని 60 సెంటీమీటర్ల బల్లపై పరిస్తే సెంటీమీటరుకు 100 మీటర్లు. 4 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఒక్కో బొమ్మల పలకపై 13 ఏనుగుల చొప్పున, బల్ల అంచు నుంచి అంచు దాకా 15 పలకలు ఏనుగులతోనే నిండిపోతాయి. అందువల్ల ప్రతి నియమావళీ ఎక్కడో ఒకచోట ఏరియన్‌ను సవరించక తప్పదు. ఎక్కడ సవరించిందో గమనించడమే ఎంపికలో మొదటి మెట్టు.

మూడో చిక్కు అసలైనది: ఏనుగు బలమా, బలహీనతా? జీలం ఒడ్డున గాయపడిన ఏనుగులు సొంత సేననే తొక్కాయని గ్రీకు వృత్తాంతాలు చెబుతాయి. అనేక నియమావళులు దానినే ప్రమాణంగా తీసుకున్నాయి. ‘కమాండ్స్ అండ్ కలర్స్: ఏన్షియంట్స్’లో వెనుదిరగవలసి వచ్చిన ఏనుగు మదించి పక్కనున్న దళాలకు, అవి తనవారివైనా సరే, నష్టం కలిగిస్తుంది. అయితే జీలం యుద్ధం జరిగిన రెండు దశాబ్దాలకు సెల్యూకస్ తన తూర్పు భూభాగాలను చంద్రగుప్త మౌర్యునికి వదలుకొని 500 ఏనుగులను స్వీకరించాడు. క్రీ.పూ. 301లో ఇప్సస్ యుద్ధంలో ఆ ఏనుగులే శత్రువు అశ్వదళాన్ని వెనక్కి రానీయకుండా అడ్డుకొని విజయం చేకూర్చాయి. ఏనుగును కేవలం ప్రమాదంగా చూపే నియమావళి సెల్యూకస్ బేరాన్ని వివరించలేదు. ఏనుగును అజేయంగా చూపేది పోరస్ ఓటమిని వివరించలేదు. రెండింటికీ సమాధానం చెప్పగలిగినదే మేలైన నియమావళి.

కౌటిల్యుని పాయింట్లు

ఇరు పక్షాలూ సమానంగా ఉండేందుకు నేటి ఆటలు ప్రతి దళానికీ కొన్ని పాయింట్లు కేటాయిస్తాయి. ఈ ఆలోచన కొత్తది కాదు. ఒక గుర్రాన్ని ఎదుర్కొనేందుకు ముగ్గురు పదాతులు, ఒక రథాన్ని లేదా ఏనుగును ఎదుర్కొనేందుకు 15 మంది పదాతులు లేదా 5 గుర్రాలు కావాలని అర్థశాస్త్రం పదో అధికరణం లెక్క కడుతుంది. మహాభారతంలో సైన్యపు కనిష్ఠ విభాగమైన ‘పత్తి’లో ఒక రథం, ఒక ఏనుగు, 3 గుర్రాలు, 5 మంది పదాతులు ఉంటారు. ఆ నిష్పత్తే పెరుగుతూ పోయి 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 పదాతులు గల అక్షౌహిణి అవుతుంది. ఏదైనా పుస్తకంలో ఏనుగు పాయింట్లు పదాతి పాయింట్లకు ఎన్ని రెట్లో చూసి కౌటిల్యుని లెక్కతో పోల్చుకోవచ్చు. రెండూ ఒకటి కానక్కరలేదు గానీ, తేడా ఎందుకో రచయిత చెప్పగలగాలి.

ఏది ఎవరికి?

ప్రచారంలో ఉన్న నియమావళులలో కొన్నింటి స్వభావం ఇలా ఉంది.

డీబీఏ: 1990లో వెలువడింది. పక్షానికి 12 పలకలే. 15 మిల్లీమీటర్ల బొమ్మలకు 60 సెంటీమీటర్ల చదరం చాలు. సుమారు గంటలో ముగుస్తుంది. ప్రతి వంతులో పాచిక చూపినన్ని కదలికలే సేనాపతికి దక్కుతాయి. చిన్న ఫ్లాట్లలో ఉండేవారికి అనువైనది. భాష మాత్రం చట్టంలా బిగుతుగా ఉంటుంది.

హెయిల్ సీజర్: 2011 నాటిది. పెద్ద బల్ల, ఎక్కువ బొమ్మలు, తీరిక కావాలి. ఆజ్ఞను ముందుగా పైకి ప్రకటించి, ఆ తర్వాత పాచిక వేయాలి. పోటీ కంటే స్నేహితుల కూడికకు తగినది.

ఎల్ ఆర్ట్ డి లా గేర్: ఫ్రాన్స్‌లో పుట్టినది. దాదాపు 300 సైన్యాల జాబితాలు ఒకే పుస్తకంలో ఉన్నాయి. పోటీలలో ఆడదలచినవారికి ఉపయోగకరం.

టు ది స్ట్రాంగెస్ట్: కొలబద్దకు బదులు గళ్లు, పాచికకు బదులు పేకముక్కలు. కొలతల వాదులాట ఉండదు.

కమాండ్స్ అండ్ కలర్స్: 2006లో వచ్చింది. బొమ్మలకు బదులు చెక్క దిమ్మలు పెట్టెలోనే వస్తాయి. రంగులు వేసే పని లేదు.

జాబితాలలో మన చోటు

నియమావళి ఎంత బాగున్నా సైన్యాల జాబితాను విడిగా పరిశీలించాలి. డీబీఏలో ‘క్లాసికల్ ఇండియన్’ అనే ఒకే పద్దు క్రీ.పూ. 500 నుంచి క్రీ.శ. 545 వరకు విస్తరిస్తుంది. రోము సైన్యం ఇదే వ్యవధిలో అనేక జాబితాలుగా విడిపోగా, భారతీయ సేనలు వెయ్యేళ్లపాటు ఒకే మూసలో కనిపిస్తాయి. శాతవాహన సేనను నిలబెట్టదలచిన తెలుగు ఆటగాడు శిల్పాలను ఆశ్రయించవలసిందే. శాతకర్ణి పేరున్న శాసనం గల సాంచీ దక్షిణ తోరణంపై కుశీనగర ముట్టడి దృశ్యంలో ఏనుగులు, రథాలు, విలుకాండ్రు స్పష్టంగా కనిపిస్తారు.

కాలపరిధి కూడా ముఖ్యమే. కర్నాల్ సమీపంలో 1191, 1192లో జరిగిన తరాయిన్ యుద్ధాలను డీబీఏతో ఆడవచ్చు. ఎన్‌సీఆర్‌లోనే ఉన్న పానిపట్టులో 1526లో జరిగిన తొలి యుద్ధం మాత్రం దాని పరిధికి అందదు. ఆ పుస్తకం 1500తో ముగుస్తుంది. బాబరు ఫిరంగులకు వేరే నియమావళి వెతుక్కోవాలి.

కొనే ముందు ఆడి చూడటం ఉత్తమం. ‘సొసైటీ ఆఫ్ ఏన్షియంట్స్’ నిర్వహించే ‘బ్యాటిల్ డే’లో ఒకే చారిత్రక యుద్ధాన్ని వేర్వేరు బల్లలపై వేర్వేరు నియమావళులతో ఆడతారు. ఆ పద్ధతిని ఇంట్లోనూ అనుసరించవచ్చు. అట్టముక్కలపై దళాల పేర్లు రాసుకొని, జీలం యుద్ధాన్ని రెండు పుస్తకాలతో రెండేసి సార్లు ఆడితే ఖర్చు లేకుండానే తేడా తెలుస్తుంది. ప్రతిసారీ ఒకే పక్షం ఒకే విధంగా గెలుస్తుంటే ఆ పుస్తకం ఫలితాన్ని ముందే రాసిపెట్టిందని అర్థం. బొమ్మలు కొనడం ఆ తర్వాతి మాట.