పుట్టగొడుగు ఏం తింటే మనమూ అదే తింటాం

పై వీడియోలో మా అమ్మ గంపలో ఉన్న పుట్టగొడుగులు చూశారు కదా! తొలకరి వానలు పడ్డాక అడవి అంచున చెదపుట్ట మీద దొరికాయి. అదే రోజు మా తమ్ముడు కూడా ఒక సంచి నిండా తెచ్చాడు, రోడ్డు పక్క పత్తి చేను గట్టు మీదవి. చూడ్డానికి రెండూ ఒకటే. కానీ అమ్మ తమ్ముడివి పారబోయించింది. వాడు రెండు రోజులు అలిగాడు.

అమ్మ చేసిందే రైటు. ఎందుకో చెప్తాను.

పుట్టగొడుగు మొక్క కాదు. పత్రహరితం లేదు కాబట్టి ఎండతో తిండి తయారు చేసుకోలేదు. నేలలో, పుచ్చిన కట్టెలో దారాల్లా అల్లుకుని, ఎంజైములు బయటికి వదిలి, అక్కడే అరిగించి పీల్చుకుంటుంది. చుట్టూ ఉన్నదే దాని ఒంట్లోకి చేరుతుంది.

చెదపుట్ట గొడుగునే తీసుకోండి. చెదలు ఎండుటాకులు, పుల్లలు నమిలి, వాటితో పుట్ట లోపల అరలు కట్టి, ఆ అరల మీద ఈ శిలీంధ్రాన్ని పెంచుతాయి. అంటే అడవి ఆకుల సారమే గొడుగై పైకొస్తుంది. రష్యా చలి అడవుల్లో బిర్చ్ చెట్టు మీద చాగా అనే నల్లటి శిలీంధ్రం పెరుగుతుంది. ఆ చెట్టు మన భూర్జపత్రం జాతిదే. దాని బెరడులో ఉండే బెట్యులిన్ చాగాలోనూ దొరుకుతుంది. ఎండ సంగతీ అంతే. పుట్టగొడుగులోని ఎర్గోస్టెరాల్ ఎండ తగిలితే విటమిన్ డి2గా మారుతుంది.

మంచిని పీల్చినట్టే చెడునూ పీలుస్తుంది. 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదం తర్వాత యూరప్ అడవుల్లో సీజియం-137 పడింది. అది పొటాషియం లాంటిది కావడంతో శిలీంధ్రాలు లాగేసుకున్నాయి. దశాబ్దాల తర్వాత కూడా అక్కడి పుట్టగొడుగుల్లో అది కనిపిస్తూనే ఉంది. కాడ్మియం, పాదరసం, సీసం కూడా ఇలాగే చేరతాయి. ఎంత ఉడికించినా లోహం మాయం కాదు.

అందుకే రోడ్డు పక్కన, ఫ్యాక్టరీల దగ్గర, మందులు కొట్టిన చేలల్లో మొలిచినవి కోయకండి. ఇంకోమాట, అడవి శుభ్రంగా ఉందని ప్రతి గొడుగూ తినదగ్గది కాదు. కొన్నిటి విషం వండినా పోదు, ప్రాణం తీస్తుంది. ఏళ్ల తరబడి కోసి తిన్న పెద్దలు చూసి చెప్పనిదే ముట్టొద్దు.

మా మామిడి తోటలో మందులు మానేసి ఆరేళ్లు. ఆచ్ఛాదన కింద ఈసారి గొడుగులు లేచాయి. అమ్మను తీసుకెళ్లి చూపించాను. "నేల బాగుపడుతోందిరా, కానీ ఇవి తినేవి కావు" అంది. అలాగే వదిలేశాను. నేలకు వాటి పని వాటికుంది.