లక్ష టిక్కీలు... ఒక్క మాట!

గుంటూరు మిర్చి యార్డు. సీజనులో ఒక్కరోజే లక్షకు పైగా టిక్కీలు వచ్చిపడతాయి. ఒక్కోదాని తూకాన్నీ ధరతో హెచ్చవేయాలంటే?

పైథాన్‌లో లూపు రాస్తే కంప్యూటరు ప్రతి టిక్కీ దగ్గరా ఆగి 'ఇదేంటి, దీన్నేం చేయాలి' అంటూ మొదట్నుంచీ ఆరా తీస్తుంది. లెక్కకన్నా ఆరాకే ఎక్కువ సమయం!

తూకాలన్నీ ఒక వరుస, ధరలన్నీ మరో వరుసగా పేర్చి 'హెచ్చవేయి' అని ఒక్కసారి చెబితే? ట్రావిస్ ఒలిఫాంట్ రూపొందించగా 2006లో 1.0గా విడుదలైన నంపై చేసేదిదే. ఆరా ఒక్కసారే. మిగతాది లోపలున్న సి భాష కోడు చకచకా కానిచ్చేస్తుంది. వేగం పదుల రెట్లు పెరగడం మామూలే.

అయితే ముందు లెక్క తేలితేగానీ తర్వాతిది తేలని చోట చాలాసార్లు లూపే గతి.

అన్నట్టు, కాటాలోనే తేడా ఉంటే మాత్రం ఎంత వేగమూ రైతును ఆదుకోదు!