కాపురానికి కాగితాల సాక్ష్యం

(మా విలేకరి)

మాసబ్ ట్యాంక్: పేరులో చెరువున్నా కంటికి చెరువు కానరాని పేట మాసబ్ ట్యాంక్. కుతుబ్‌షాహీల కాలంలో 'మా సాహెబా' అని ప్రజలు పిలుచుకున్న రాణివాసపు స్త్రీ పేరున వెలసిన తాలాబ్ జనం నోట నలిగి మాసబ్ ట్యాంక్ అయింది. నీరు ఇంకిపోయింది, పేరు మిగిలింది. ఈ పేటలోని ఒక ఇంట ఇటీవల ఈ విలేకరి చూసినది దీనికి తలకిందులుగా ఉన్నది. అక్కడ కాపురం ఉన్నది, పాప ఉన్నది, ఐదేళ్ళ సంసారం ఉన్నది. కాని ఆ ఇంటి కాగితాలలో ఇల్లాలి పేరు లేదు.

ఆ ఇంటి పెద్ద పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. సొంత ఊరు నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. కుమార్తెను బ్రిటన్‌లో స్థిరపడి ఆ దేశ పౌరుడైన తెలుగు యువకునికి ఇచ్చి పెళ్ళి చేశారు. ఆమె తమ్ముని పెళ్ళికని పుట్టింటికి వచ్చింది. తిరిగి వెళ్ళగానే అక్కడ శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకోవాలి. దానికి కావలసినవన్నీ ఇక్కడే సిద్ధం చేసుకుంటూ భోజనాల బల్ల మీద కాగితాలు పరచుకొని కూర్చున్నది.

"ఐదేండ్లు ఆయనతోనే ఉన్న. వండిపెట్టిన, పిల్లను కన్న. ఫారం అడిగేది అది కాదు. నా పేరున ఆ ఇంటికి వచ్చిన ఉత్తరం చూపమంటున్నది" అన్నదామె.

ఐదేళ్ళ పరీక్ష

బ్రిటిష్ పౌరుని పెళ్ళాడిన పరాయి దేశస్థురాలికి అడుగుపెట్టిన నాడే శాశ్వత హక్కు రాదు. ఒకప్పుడు 12 నెలలు కాపురం చేస్తే చాలునన్నారు. 2003లో దానిని రెండేళ్ళు చేశారు. 2012 జులై 9 నుంచి ఐదేళ్ళయింది. ఇక్కడినుంచి వెళ్ళేటప్పుడు ఇచ్చే వీసా 33 నెలలకు. అక్కడ ఉండగా మరో 30 నెలలకు పొడిగించుకోవాలి. ఈ లెక్క ఆ దేశంలో దిగిన రోజునుంచి మొదలవుతుంది. ఐదేళ్ళు నిండడానికి 28 రోజుల ముందునుంచి శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టవచ్చు. ఈ దరఖాస్తుకు 'సెట్ ఎం' అని పేరు. కంప్యూటర్‌లోనే నింపాలి. దరఖాస్తుదారు ఆ దేశంలో ఉండి పెట్టాలే గాని హైదరాబాదునుంచి పెట్టడానికి వీలులేదు.

రుసుము తక్కువేమీ కాదు. 2025 ఏప్రిల్‌లో దానిని 3,029 పౌండ్లుగా నిర్ణయించారు. దరఖాస్తును తోసిపుచ్చితే ఆ సొమ్ము తిరిగి రాదు. అందుచేతనే ఒక్క గడి తప్పు నింపినా గుండె దడదడలాడుతుంది.

దీనికి ముందు రెండు పరీక్షలు గట్టెక్కాలి. ఒకటి ఇంగ్లీషు మాట్లాడడం, వినడంలో 'బి వన్' స్థాయి. ఇంగ్లీషులో బోధించిన డిగ్రీ ఉన్నవారు తగిన ధ్రువపత్రం చూపితే ఈ పరీక్ష అక్కరలేదు. రెండవది 'లైఫ్ ఇన్ ది యూకే' పరీక్ష. ఆ దేశ చరిత్ర, ఆచారాలు, ప్రభుత్వ పద్ధతుల మీద 24 ప్రశ్నలు, 45 నిమిషాలు. 18 సరిగా చెబితే ఉత్తీర్ణత. ఈ ఇంటి బిడ్డకు రెండింటి బెంగా లేదు. పరీక్షలు రాయడం మన పిల్లలకు అలవాటే. చిక్కంతా ఆ తరువాతి గడిలో వచ్చింది.

ఇల్లాలి పేరేది?

భార్యాభర్తలు కలిసే ఉంటున్నారని రుజువు చూపాలి. గడచిన రెండేళ్ళ కాలంలో వేర్వేరు తేదీలలో ఇద్దరి పేరునా ఆ చిరునామాకు వచ్చిన ఆరు పత్రాలు కావాలి. అవి కనీసం మూడు వేర్వేరు చోట్లనుంచి వచ్చినవై ఉండాలి. ఉమ్మడి పేరున లేకపోతే ఎవరి పేరున వారు ఆరేసి చూపాలి.

భర్త పేరున కట్టలకు కట్టలు ఉన్నవి. ఇంటి పన్ను, కరెంటు, గ్యాసు, ఇంటి అప్పు అన్నీ ఆయన పేరనే. బిల్లుల మీద ఇల్లాలి పేరు వెదికితే కానరాదు. ఆయన దాచినదీ కాదు, కాదన్నదీ కాదు. మన ఇళ్ళలో మామూలుగా జరిగేదే అక్కడా జరిగింది.

"అన్నీ అల్లుడు చూసుకుంటడు, నీకెందుకు బిడ్డా అని మేమే చెప్పినం. అది మా తప్పు" అన్నారు ఆ తండ్రి. ఆ మాట అన్నప్పుడు ఆయన కుమార్తె వంక చూడలేకపోయారు.

చివరకు ఆమె పెట్టెలోనుంచి ఒక్కొక్కటే బయటపడినవి. పాప పుట్టినప్పుడు ఆసుపత్రి పంపిన లేఖలు ఇప్పటికి పాతబడినవి. రెండేళ్ళ లోపలివి చూస్తే వైద్యుని దగ్గరనుంచి వచ్చినవి రెండు, తన బ్యాంకు ఖాతా పత్రాలు రెండు, డ్రైవింగ్ లైసెన్సు శాఖ లేఖ ఒకటి. లెక్కకు ఐదు. ఆరవది ఏది? రెండు రోజులు ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. మూడవ రోజు ఆమెకు ఓటర్ల జాబితా విషయమై స్థానిక మండలి తన పేరున పంపిన లేఖ ఉన్నట్లు జ్ఞాపకం వచ్చింది. భారతీయులు కామన్వెల్త్ పౌరులు గనుక వీసా మీద ఉన్నవారికీ బ్రిటన్‌లో ఓటు ఉన్నది. భర్త అక్కడ సొరుగులో వెదికి ఆ లేఖ ఫోటో పంపాడు. మనకు ఓటంటే ఎన్నికల నాటి వేలి సిరా. ఆమెకు అది ఆ ఇంట ఉన్నదనడానికి ఆరవ సాక్ష్యం అయింది.

గోడ క్యాలెండరు సాయం

ఫారంలో మరో ముఖ్యమైన గడి ప్రయాణాలది. ఆ దేశం విడిచి ఎన్నిసార్లు, ఏ తేదీన వెళ్ళి ఏ తేదీన తిరిగి వచ్చినదీ, ఎందుకు వెళ్ళినదీ రాయాలి. పౌరుల భార్యాభర్తలకు ఇన్ని రోజులకు మించరాదన్న గీత లేదు గాని, ఎక్కువ కాలం బయట ఉంటే కారణం చెప్పి, అక్కడే కలిసి ఉండే ఉద్దేశం ఉన్నదని చూపాలి. ఉద్యోగ వీసా మీద ఉన్నవారి భార్యాభర్తలకైతే ఏ 12 నెలలలోనూ 180 రోజులు దాటరాదన్న నియమం ఉన్నది. పురిటికి పుట్టింటికి వచ్చి ఆరు నెలలు ఉండిపోయే మన ఆచారం ఇక్కడ అడ్డు తగులుతుంది.

ఈమె ఐదేళ్ళలో నాలుగుసార్లు వచ్చిపోయింది. తేదీలు సరిగా గుర్తులేవు. పాస్‌పోర్టులో ముద్రలు కొన్ని చెదిరిపోయినవి. అప్పుడా తండ్రి అటక మీదనుంచి పాత గోడ క్యాలెండర్లు దించారు. బిడ్డ వచ్చిన రోజు చుట్టూ ఎర్ర సిరాతో సున్న, వెళ్ళిన రోజున నల్ల సిరాతో సున్న. ఎందుకు దాచారని అడిగితే, "ఎన్ని దినాలు ఉన్నదో లెక్క పెట్టుకుంటందుకు" అన్నారు. ఆ లెక్కే ఇప్పుడు ఫారంలోకి ఎక్కింది.

పేరులోనూ పేచీ ఉన్నది. మన ఇంటిపేరు ముందు వస్తుంది, వారికి వెనుక. పదవ తరగతి సర్టిఫికెట్టులో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి పేరు, పెళ్ళి సర్టిఫికెట్టులో అత్తవారి ఇంటిపేరు ఉంటే ముగ్గురు మనుషులా అన్న సందేహం వస్తుంది. పాస్‌పోర్టులో ఎలా ఉన్నదో అన్నిచోట్లా అలాగే రాయించుకోవడం మేలు. మన రాష్ట్రంలో 2002 నాటి చట్టం ప్రకారం పెళ్ళి నమోదు తప్పనిసరి. పెళ్ళయిన వారంలోనే ఆ పని ముగించుకుంటే తరువాత తిరుగుడు తప్పుతుంది.

ఫారం పెట్టాక ప్రయాణం వద్దు

దరఖాస్తు పెట్టిన తరువాత జవాబు వచ్చేదాకా దేశం దాటరాదు. దాటితే దరఖాస్తును వెనక్కు తీసుకున్నట్లుగా పరిగణిస్తారు. మామూలుగా ఆరు నెలల వరకు పట్టవచ్చు. ఆ మధ్యలో బతుకమ్మకో సంక్రాంతికో రమ్మని తల్లిదండ్రులు ఒత్తిడి చేయరాదు. వీసా గడువు లోపల దరఖాస్తు పెడితే మాత్రం, జవాబు రాకముందే గడువు తీరినా భయం లేదు. 1971 నాటి వారి ఇమ్మిగ్రేషన్ చట్టంలోని 3సి సెక్షను పాత హక్కులను కొనసాగిస్తుంది.

అమీర్‌పేట, పంజగుట్ట వీధుల్లో వీసా కన్సల్టెన్సీ బోర్డులకు కొదువ లేదు. ఎవరిచేత నింపించినా, అందులో ఉన్నదంతా నిజమని ఒప్పుకునేది దరఖాస్తుదారే. అబద్ధం రాస్తే దెబ్బ ఆమెకే తగులుతుంది. బ్రిటన్‌లోనైతే ఇమ్మిగ్రేషన్ సలహా ఇచ్చేవారికి 1999 చట్టం ప్రకారం అనుమతి ఉండాలి.

కాపురం చెడితే?

అందరి కథా ఇలా సుఖాంతం కాదు. చూసిరమ్మని పుట్టింటికి పంపి, పాస్‌పోర్టు, కాగితాలు దాచుకొని తిరిగి పిలవని భర్తల సంగతి మన జిల్లాలకు కొత్త కాదు. సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ వంటి మహిళా సంఘాల పోరాటం ఫలితంగా, గృహహింసకు గురై కాపురం చెడిన భార్యలు గడువు నిండకున్నా శాశ్వత నివాసం కోరే వీలు 2002లో బ్రిటిష్ నిబంధనలలో చేరింది. అలా విదేశంలో వదిలివేయబడిన వారు బయటినుంచే దరఖాస్తు పెట్టుకునే మార్గం 2024 జనవరి 31 నుంచి ఏర్పడింది. ఇవి పౌరుల, స్థిరనివాసుల భార్యాభర్తలకు ముఖ్యంగా వర్తిస్తాయి. మన దేశంలో జాతీయ మహిళా కమిషన్‌లో 2009లో ఏర్పడిన ఎన్ఆర్ఐ సెల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఏ తలుపు తట్టినా మొదట అడిగేది కాగితమే.

కనుక విదేశీ సంబంధం చేసే తల్లిదండ్రులు నగలతో పాటు ఒక సంచి కూడా ఇచ్చి పంపడం మంచిది. పాస్‌పోర్టు, పెళ్ళి సర్టిఫికెట్టు, వీసా లేఖల నకళ్ళు ఒక ప్రతి అమ్మాయి దగ్గర, ఒక ప్రతి పుట్టింట ఉండాలి. వెళ్ళిన మొదటి నెలలోనే ఆమె పేరున బ్యాంకు ఖాతా తెరవాలి, వైద్యుని దగ్గర పేరు నమోదు కావాలి, ఇంటి పన్ను బిల్లులో పేరు చేరాలి. ఇందులో అల్లుడిని అనుమానించడం ఏమీ లేదు. మంచి కాపురానికి కూడా ఆ ఫారం ఇదే అడుగుతుంది.

ఈ విలేకరి సెలవు తీసుకునే వేళకు ఆమె తల్లి పచ్చడి జాడీ సర్దుతున్నది. కుమార్తె మాత్రం కాగితాల సంచీని పెద్ద పెట్టెలో పెట్టనివ్వలేదు. "అది నా చేతిలోనే ఉంటది అమ్మా" అన్నది.