వెన్నుపాముకు దెబ్బ తగిలితే.. చేతులు బిగుసుకుపోకుండా ఎలా?

మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింటే కాళ్లతో పాటు చేతులూ చచ్చుబడొచ్చు. కదలిక లేని భుజం, మోచేయి, వేళ్ల కీళ్లు కొద్ది వారాల్లోనే బిగుసుకుపోతాయి. అలా గట్టిపడితే, తర్వాత కొంత బలం తిరిగొచ్చినా చెయ్యి నోటిదాకా రాదు.

ఏం చేయాలి?
సరిహద్దున ఉన్న జుక్కల్ నుంచి రోజూ కామారెడ్డికో, హైదరాబాద్ నిమ్స్‌కో వెళ్లి రావడం కుదరని పని. అందుకే డిశ్చార్జికి ముందే ఫిజియోథెరపిస్టు దగ్గర వ్యాయామాలు నేర్చుకోండి. ఇంట్లోవాళ్లే రోజూ ప్రతి కీలునూ నెమ్మదిగా కదిలించాలి.

ఏం చేయకూడదు?
* చెయ్యి పట్టి లాగి లేపకండి. భుజం దెబ్బతింటుంది.
* కాపడం పెట్టకండి. స్పర్శ లేకపోతే చర్మం కాలినా తెలియదు.
* మణికట్టును వెనక్కి వంచి, అదే సమయంలో వేళ్లను చాచకండి. మణికట్టు ఎత్తగానే వేళ్లు వాటంతటవే ముడుచుకోవడం వల్లే కొందరు గ్లాసు పట్టుకోగలుగుతారు. ఆ పట్టు పోతుంది.

కీలు ఉన్నట్టుండి వాచి వేడెక్కితే వెంటనే డాక్టర్‌కు చూపించండి.

పింఛను సంగతి?
వైకల్య ధ్రువపత్రం కోసం యూడీఐడీ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోండి. తెలంగాణలో 2023 జులైలో దివ్యాంగుల పింఛను నెలకు రూ.4,016కు పెరిగింది. వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి.