తల్లిదండ్రుల మనోవ్యాధి - బిడ్డల సంరక్షణ

కాన్పయిన పిదప తల్లికి మతి చలించినచో ఆమెను పుట్టింటికి పంపి, బిడ్డను అత్తవారింట నిలుపుకొనుట మన మెఱిగినదే. వ్యాజ్యము వచ్చినపుడు "పిచ్చిది బిడ్డనెట్లు పెంచగలదు?" అను ప్రశ్నయే వాదమంతయు నగును. మన శాసనములు మాత్రము అట్లు ప్రశ్నింపవు.

1890 నాటి సంరక్షకుల, సంరక్షితుల చట్టములోని 17వ సెక్షను ప్రకారము న్యాయస్థానము మైనరు క్షేమమును చూడవలెను. బిడ్డ వయస్సును, సంరక్షకుని శీలసామర్థ్యములను, బంధుత్వమును పరిశీలింపవలెను. హిందువులకు వర్తించు 1956 నాటి మైనారిటీ, సంరక్షకత్వ చట్టము ఆ క్షేమమే ప్రధానమని చెప్పి, అయిదేండ్లు నిండని బిడ్డ సాధారణముగా తల్లియొద్ద నుండవలెనన్నది. "సాధారణముగా" అను మాట గమనింపదగినది. అది తిరుగులేని హక్కు కాదు. రోగము పేరు చెప్పినంతనే తొలగిపోవునదియు కాదు.

2018 మే 29 నుండి అమలులోనున్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము దీనిని మరింత స్పష్టపఱచినది. మనోవ్యాధి కలదని వైద్యులు నిర్ణయించినంత మాత్రమున, తగిన న్యాయస్థానము ప్రకటింపనిదే, ఎవరును మతిస్థిమితము లేనివారు కారు. వ్యాజ్యములో ఒకరు చూపిన వ్యాధి రుజువును ఎదుటిపక్షము కాదన్నచో, న్యాయస్థానము దానిని మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డునకు పంపవలెను. చికిత్సాలయములో చేరిన తల్లినుండి మూడేండ్లలోపు బిడ్డను సాధారణముగా వేఱుచేయరాదు. బిడ్డకు హాని కలుగునని వైద్యుడు తలచి వేఱుచేసినను, ఆ నిర్ణయమును 15 దినములకొకసారి సమీక్షింపవలెను. తగిన పర్యవేక్షణలో తల్లి బిడ్డను చూచుచుండవచ్చును. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపియుంచి చికిత్స చేయు విభాగమును 2009లో నెలకొల్పిరి.

కావున విచారింపవలసినవి వేఱు. తల్లి గాని తండ్రి గాని మందులు క్రమముగా పుచ్చుకొనుచున్నారా? వ్యాధి తిరుగబెట్టు సూచనలను గుర్తింపగలరా? అట్టి దినములలో బిడ్డకు అన్నము పెట్టి బడికి పంపువారు ఇంటనున్నారా? బిడ్డకు నిజముగా అపాయమున్నచో వేఱుచేయక తప్పదు. అయినను సంరక్షణపు ఉత్తరువు శాశ్వతము కాదు. పరిస్థితులు మాఱినపుడు న్యాయస్థానము దానిని మార్పవచ్చును.

వైద్యుని చీటీయే తనపై సాక్ష్యమగునని భయపడిన తల్లి వైద్యమునే మానివేయును. ఆ నష్టము మొదట తగులునది బిడ్డకే. ఇంటి తగవులు తీర్చు మన పెద్దలు "ఏ రోగము?" అని కాక, "బిడ్డ యెట్లున్నది? తల్లికి తోడెవరు?" అని యడుగుట న్యాయము.