పాత పాటల పెట్టెలో చోటు దక్కనివెన్నో!

పెళ్ళి రెండు రోజులుందనగానే మైకు సెట్టు అతనికి కబురు వెళ్ళేది. వేపకొమ్మకో, కొబ్బరి చెట్టుకో గొట్టం కట్టి, తెల్లవారకముందే పాట మొదలుపెట్టేవాడు. రేకుపెట్టెలో పేర్చిన నల్లని రికార్డులే అతని ఆస్తి. భక్తి పాట ఎప్పుడు వేయాలో, పెళ్ళివారు భోజనాలకు కూర్చున్నప్పుడు ఏది వేయాలో అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఊరి కోసం పాటలు ఏరి వినిపించే పని ఆ రోజుల్లో అతనిదే.

తరువాత ఆ ఏరే పని కంపెనీల చేతికి వెళ్ళింది. 1950, 60 దశకాల సినిమా పాటలను ఒకచోట చేర్చి 'ఆణిముత్యాలు', 'పాత మధురాలు' వంటి పేర్లతో అమ్మడం మొదలైంది. 'పాతాళభైరవి', 'మిస్సమ్మ' సినిమాలు చూడకుండానే వాటి పాటలు నోటికి వచ్చిన వారు పల్లెల్లో ఎందరో ఉన్నారంటే అది ఈ సంకలనాల చలవే.

మూడు నిమిషాల ముచ్చట

పాత రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరిగేది. ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. ఆనాటి పాటలు చాలావరకు ఆ కొలతకు సరిపోవడానికి కారణం ఇదే. పాట పెద్దదైతే సగం ఈ వైపు, సగం ఆ వైపు. లక్కతో చేసిన పళ్ళెం కావడంతో చేయి జారితే ముక్కలయ్యేది.

ఆ తరువాత లాంగ్ ప్లే రికార్డు వచ్చింది. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పట్టడంతో పదీ పన్నెండు పాటలు ఒకే పళ్ళెం మీదకు చేరాయి. వేర్వేరు సినిమాల పాటలను కలిపి అమ్మే వీలు దానితో కుదిరింది. కాని ఆ రికార్డు, దాన్ని వాయించే యంత్రం సామాన్య రైతు కొనగలిగినవి కావు.

ఆ లోటు తీర్చింది క్యాసెట్టు. ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన ఈ క్యాసెట్టు 1980 దశకంలో పల్లె పల్లెకూ పాకింది. అరవై నిమిషాల టేపులో పదహారు, పదిహేడు పాటలు పట్టేవి. కరెంటు లేకపోయినా బ్యాటరీలతో పాడేది. పట్టణంలోని రికార్డింగు షాపులో చీటీ రాసిస్తే, కోరిన పాటలు ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చేవారు. అనుమతి ఉందా లేదా అని అడిగినవారు తక్కువ.

అట్ట మీద కనిపించనివారు

కృష్ణా జిల్లాలో ఈ సంకలనాల మాట వస్తే ముందు గుర్తుకొచ్చేది ఘంటసాల వేంకటేశ్వరరావు. 1922లో గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో పుట్టిన ఆయన 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. ఆయన పాటల సంకలనాలకు నేటికీ గిరాకీ తగ్గలేదు.

అయితే 'పాతాళభైరవి' (1951) పాటలకు బాణీ కట్టింది కూడా ఆయనేనని ఎందరికి తెలుసు? 'మిస్సమ్మ' (1955)లో హీరో పాటలు పాడింది ఘంటసాల కాదు, ఏ.ఎం.రాజా. 'మాయాబజార్' (1957)లో కొన్ని బాణీలు సాలూరి రాజేశ్వరరావువి. మిగిలిన పని పూర్తి చేసింది ఘంటసాల. ఈ మూడు సినిమాల పాటలూ రాసింది బందరులో పెరిగిన పింగళి నాగేంద్రరావు. చవక క్యాసెట్ల అట్ట మీద హీరో బొమ్మ పెద్దది, గాయకుని పేరు దాని కింద. రాసిన కవికి, కట్టిన స్వరకర్తకు చాలాసార్లు చోటే లేదు. కొన్నిటిలోనైతే అసలు గొంతు కూడా లేదు. వేరెవరో పాడినది ఇంటికి వెళ్ళి విన్నాకగాని తెలిసేది కాదు.

చట్టం ప్రకారం రికార్డు మీద హక్కు, అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు ఉంటుంది. అంటే 1951 నాటి రికార్డుల మీద హక్కు 2011తో తీరిపోయింది. కవి, స్వరకర్తల రచన మీద హక్కు వారి మరణానంతరం 60 ఏళ్ళ దాకా సాగుతుంది. సినిమాకు రాసిన పాటను సినిమా హాల్లో కాక మరోచోట వాడుకుంటే కవికి, స్వరకర్తకు రాయల్టీలో వాటా దక్కాలని 2012లో చట్టాన్ని సవరించారు.

అటక మీది పాట

గ్రామఫోన్ కంపెనీ 2000లో సరిగమగా పేరు మార్చుకుంది. 2017లో ఆ సంస్థ 'కార్వాన్' పేరిట అయిదు వేల హిందీ పాటలు ముందే ఎక్కించిన పెట్టెను తెచ్చింది. తరువాత తెలుగు పాటల పెట్టె కూడా వచ్చింది. చూడటానికి రేడియోలా ఉండే ఆ పెట్టెను ఇంట్లో పెద్దవాళ్ళకు కొనిస్తున్న పిల్లలున్నారు.

వేల పాటలున్నా, ఏరినవారు ఏరినవే అందులో ఉంటాయి. అమ్ముడుపోయే పాటనే మళ్ళీ మళ్ళీ అచ్చువేస్తారు. హిట్టయిన పాటకు వెనక వైపున్న పాట, నాటకాల పద్యాలు, హరికథ ముక్కలు, పల్లెపదాలు ఆ లెక్కలోకి రావడం అరుదు. అవి మిగిలితే ఇళ్ళ అటకల మీద, మూలపడిన మైకు సెట్ల పెట్టెల్లోనే మిగలాలి.

అలాంటివి దొరికినవారు తొందరపడి పాతసామాను వాడికి వేయకూడదు. లక్క రికార్డులను ఎండ తగలని చోట నిలువుగా పేర్చాలి. స్పిరిటుతో తుడిస్తే లక్క కరిగి గాళ్ళు చెడిపోతాయి. క్యాసెట్లను చెమ్మకు, అయస్కాంతానికి దూరంగా ఉంచాలి. బాగా పాడే యంత్రం దొరికినప్పుడు ఫోనులోకో, కంప్యూటరులోకో ఎక్కించి, ఎవరు పాడారో, ఎవరు రాశారో పక్కనే రాసిపెట్టుకోవాలి.

కంపెనీ ఏరిన పాట ఎక్కడైనా దొరుకుతుంది. అటక మీది రికార్డు పగిలితే అందులోని పాట మరోచోట ఉందన్న పూచీ లేదు.