దిల్‌సుఖ్‌నగర్‌లో కూర్చునేదెక్కడ?

మే నెల సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్ల కింద ఒక అరగంట నిలబడండి. కోచింగ్ సెంటర్ల నుంచి వచ్చే పిల్లలు బ్యాగులు భుజాన వేసుకుని అక్కడే ఆగుతారు. ఓ పక్క చెరుకు రసం బండి, ఇంకో పక్క మిర్చి బజ్జీల మూకుడు. బెంచీ మాటే లేదు. ఏ షాపు మెట్టో, ఎవరిదో బైకు సీటో. దాంతోనే గంట గడిచిపోతుంది.

ఎవరూ ప్లాను గీయని ఈ జాగా ఇంత కిటకిటలాడుతోందెందుకు? విలియం హెచ్. వైట్ అనే అమెరికన్ 1970లలో న్యూయార్క్ ప్లాజాల్లో కెమెరాలు పెట్టి ఇలాంటి లెక్కే తీశాడు. 1980లో పుస్తకంగా వచ్చిన ఆ ఫలితాలు వింటే ‘ఇంతేనా’ అనిపిస్తుంది: కూర్చునే వీలుంటే జనం కూర్చుంటారు, తిండి దొరికితే చేరతారు, అన్నిటికన్నా జనాన్ని లాగేది జనమే. జాతరలు చూసిన మనకు ఈ మూడోది ఒకరు చెప్పాలా!

కాకపోతే వైట్ చూసిన జనం ఎండ పొడ కోసం చేరేవాళ్లు. మనకు కావలసింది నీడ. నీడలో గాలి వేడిమి పెద్దగా తగ్గదు. తగ్గేది ఒంటిమీద పడే వికిరణం. ఆ హాయంతా దానిదే. చెట్టయితే ఇంకా నయం, ఆకులు నీటిని ఆవిరిచేస్తూ తాము వేడెక్కకుండా ఉంటాయి. కాంక్రీటు పగలంతా వేడి తాగి, పొద్దుపోయాక కక్కుతుంది.

2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట–ఎల్‌బీ నగర్ మెట్రో మొదలయ్యాక దిల్‌సుఖ్‌నగర్ రోడ్డుకు పొడుగునా మెట్రో వంతెన గొడుగు పట్టినట్టయింది. కానీ రోడ్డు నడిమధ్యన! ఆ నీడ చాలావరకు వాహనాలకే. స్టేషన్ల దగ్గర మాత్రం కట్టడం రెండు పక్కలా ఫుట్‌పాత్ దాకా వస్తుంది. బండ్లవాళ్లు ఏ శాస్త్రమూ చదవకుండానే అది కనిపెట్టారు. చీకటిపడితే బజ్జీల బండి బల్బే అక్కడి ఆడపిల్లలకు ధైర్యం. 2014 వీధి వ్యాపారుల చట్టం పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం చోటు ఈ వ్యాపారులకే ఇచ్చింది. ఫుట్‌పాత్ ‘క్లియర్’ చేసేటప్పుడు మాత్రం ఆ సంగతి గుర్తుండదు.

మెట్రో ఎల్‌బీ నగర్‌తో ఆగిపోతుంది. ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు వచ్చాక కూడలిలో బండ్లు సాఫీగానే పోతున్నాయి. విజయవాడ బస్సు ఎక్కేవాళ్లకూ కొదవలేదు. అయినా అక్కడ ఆగుతారే తప్ప ఎవరూ ఉండరు. మొన్న ఒక పెద్దావిడ సూట్‌కేసు మీద కూర్చుని కనిపించింది, సైన్‌బోర్డు స్తంభం నీడలో. నీడ జరిగినప్పుడల్లా లేచి, సూట్‌కేసును జానెడు జరుపుకుంటోంది.